మా హరీష్‌గాడి జతలేని చెప్పులు

మా మనవడు హరీష్‌గాడి రెండు కాళ్ళకూ ఒకే రకం చెప్పులు తొడిగించే మొనగాడు గద్వాలలో ఇంకా పుట్టలేదు. కుడికాలికి నల్లది వేస్తే ఎడమకాలికి నీలంది. ఒకటి తోలుదైతే రెండోది రబ్బరుది. ఎనిమిదో తరగతిలోకి వచ్చినప్పటి నుంచీ ఇదే వరస. వాడి పుణ్యమా అని మా ఇంట్లో ఏ చెప్పుకూ తోడు లేదు. పెళ్ళాం అలిగిపోయిన మగాళ్ళలా గడప ముందు ఒక్కొక్కటే పడి ఉంటాయి.

మొన్న కొల్లాపూర్‌లో పెళ్ళికి వీణ్ణి తీసుకుపోయాను. భోజనాలయ్యాక చూస్తే పెళ్ళికొడుకు మేనమామ ఒంటికాలి మీద గెంతుతున్నాడు. కొత్త చెప్పుల్లో ఒకటి పోయిందని ఒకటే లొల్లి. నేను వీడి వంక చూశాను. వీడు కాళ్ళు జంపఖానా కింద దాచాడు.

"దొంగతనం గూడ నేర్చినవార?"

"దొంగతనమెట్లైతది అవ్వా? నాదొకటి ఆడనే పెట్టిన గద!"

ఇంటికొచ్చాక వాళ్ళ నాయన వెంకట్రాములు మగ్గం గుంటలోంచే అరిచాడు. "జత వేస్కోర అంటే ఇనవేందిర? నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్!"

వీడు మగ్గం మీది చీర అంచు పట్టుకున్నాడు. "నాయనా, నువ్వు నేసే చీర నడుమంత నూలు, అంచు పట్టు. రెండు తీర్లున్నదని ఎవరన్న తప్పు పట్టిండ్రా? గద్వాల చీర అని ఎగబడి కొంటుండ్రు."

నా కొడుకు తల వంచుకుని మళ్ళీ నేత మొదలుపెట్టాడు. నేను చీపురు విసిరాను. తగల్లేదు. జతలేని చెప్పులతో అంత వేగంగా ఎలా ఉరుకుతాడో ఆ దేవుడికే తెలియాలి.

అక్కడితో ఆగితే బాగుండేది. ఈ రోగం క్లాసు పిల్లలందరికీ అంటుకుంది. హెడ్మాస్టరుకు తిక్కరేగి, "జత చెప్పులతోనన్నా రా, గిట్లెందుకు చేస్తున్నవో అన్నా చెప్పు. రెండూ కాదంటే టీసీ తీసుకపో" అన్నాడట. వీడు రెండూ కాదన్నాడు. "బడి పోతే పోనీ" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంత తిట్టినా కారణం చెప్పడు. మర్నాడు వాణ్ణి బడికి తరిమి, నాలుగు తగిలించమని సారుకు చెప్పడానికి వెనకే నేనూ బయలుదేరాను.

క్లాసు గడప బయట చెప్పులు చూసేసరికి కడుపు మండింది. ఏదీ దాని పక్కదానితో కలవదు. ఒక్క జత మాత్రం బుద్ధిగా ఉంది, రెండూ ఆకుపచ్చవే. ఒక్క తల్లన్నా కొడుకును సరిగ్గా పెంచిందనుకుని వంగి చూశాను. ఒకటి ఎదిగిన పిల్లాడిది. రెండోది నాలుగైదేళ్ళ పిల్లాడి కొలత.

కిటికీలోంచి చూస్తే మా వాడి పక్కన ఇంతియాజ్ కూర్చున్నాడు. మా వీధి మెహరున్నిసా కొడుకు. పుట్టుకతోనే వాడి ఎడమ పాదం చిన్నది. నిరుడు పిల్లలు వాడి చెప్పులు చూసి ఎగతాళి చేస్తున్నారని, బడి మానేస్తానంటున్నాడని ఆమె మా అరుగు మీదే కూర్చుని ఏడ్చింది. అప్పుడు మా వెధవ పక్కనే జొన్నరొట్టె తింటున్నాడు. చెవులు అక్కడే ఉన్నాయన్నమాట! ఇప్పుడీ సంతలో ఇంతియాజ్ చెప్పుల్ని చూసి నవ్వేవాడెవడు?

"ఓరి నీ తెలివి తగలెయ్య!" అనుకునేలోగా హెడ్మాస్టరు వచ్చాడు.

"చెప్పు పెద్దమ్మా, ఏంది కారణం? మీవోడు నోరిప్పడు."

నిజం చెబితే పిల్లాడి కష్టమంతా బూడిదపాలు. చెప్పకపోతే టీసీ.

"మొక్కు సారూ" అన్నాను.

"మొక్కా?"

"జమ్ములమ్మకు మొక్కిన. మావోడు జత చెప్పులు తొడగడని."

"మరి క్లాసంతా?"

"మావోణ్ణి సూసి వాళ్ళ తల్లులు గూడ మొక్కిండ్రేమో. వద్దంటే నువ్వే పోయి అమ్మకు చెప్పు. నాకైతే భయం."

సారు చేతులు వాటంతటవే చెంపల మీదికి పోయాయి. "ఎన్నాళ్ళు మొక్కు?" అన్నాడు మెల్లగా.

"ఇద్దరూ పదో తరగతి పాసయ్యేదాక."

"ఇద్దరెవరు?"

నాలుక కరుచుకున్నాను. "ఒకడే, ఒకడే! ముసలిదాన్ని, నోరు జారిన!"

టీసీ మాట మళ్ళీ రాలేదు. బడి విడిచాక వాణ్ణి వెంటబెట్టుకుని దారి పొడుగునా తిట్టుకుంటూ వచ్చాను. "నాతోని అమ్మవారి పేరు మీద అబద్ధం చెప్పిస్తివి గదర!"

"ఇప్పుడు మొక్కుకో అవ్వా, నిజమైతది."

జమ్ములమ్మతో ఆటలా? ఆ సాయంత్రమే గుడికి పోయి మొక్కుకున్నాను. కంగారులో "మావోడు" అనబోయి "మా ఇంట్లో వాళ్ళం" అన్నాను. అన్నమాట వెనక్కి తీసుకుంటే ఊరుకునే తల్లి కాదు. ఇప్పుడు వెంకట్రాములు ఒక కాలికి నల్లది, ఒక కాలికి గోధుమరంగుది వేసుకుని నన్ను తిడుతూ తిరుగుతున్నాడు. నాకు కుడికాలిది ఎత్తు, ఎడమకాలిది పల్లం.

నిన్న బస్టాండులో ఒకామె నా కాళ్ళు చూసి నవ్వింది. "ఏందవ్వా, చూపు ఆనుతలేదా?"

"గద్వాలదాన్ని బిడ్డా! నడుమొక తీరు, అంచొక తీరు. జర జరుగు, బస్సొచ్చింది."