వదిన థీసిస్‌కు పెట్టిన కూడిక

మొన్న పక్కింటివాళ్లు కృతజ్ఞత కూడికకు పిలిచారు. కొత్త కారు కొన్నారట. నంద్యాలలో మా వీధిలో ఇది మామూలే. ఇల్లు కట్టినా, ఉద్యోగం వచ్చినా, ఆపరేషన్ గట్టెక్కినా పాస్టరు అయ్యగారిని పిలవాలి, రెండు పాటలు పాడాలి, మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పాలి, ఆ తర్వాత బిర్యానీ. పిలుపు విన్నప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. మా వదిన థీసిస్ కోసం మా అమ్మ పెట్టిన కూడిక గుర్తొచ్చింది. లెక్కల్లో ఒక సిద్ధాంతానికి బిర్యానీతో స్తోత్రం చెల్లించిన ఇల్లు భూమ్మీద మాదొక్కటే అయ్యుంటుంది.

వదిన ఆళ్లగడ్డ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం వచ్చేది. కుదురన్నది లేని మనిషి. కూరలో గరిటె తిప్పుతూ తిప్పుతూ ఆగి, వసారాలోకి పోయి పచార్లు చేసేది. ఆమె లేకుండా మాడిపోయిన కూరలు మేం ఎన్ని తిన్నామో దేవుడికే ఎరుక. ఆమె పరిశోధన హైపర్‌బోలిక్ సంకీర్ణ అంతరాళాల్లోకి పోయే హోలోమార్ఫిక్ ప్రమేయాల గురించి. నేనూ ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్నే కాబట్టి అర్థమైనంత చెబుతాను. ఈ అంతరాళాల్లో దూరాలు గట్టివి. వేర్వేరు బిందువుల మధ్య దూరం ఎప్పుడూ సున్నా కాదు. వాటిలోకి పోయే ప్రమేయాలు దూరాలను తగ్గిస్తాయేమో కానీ పెంచలేవు. అంత కట్టుబాటు ఉన్నచోట ప్రమేయాలు ఒకదాని వెంట ఒకటి పోతూ ఉంటే చివరికి ఏమవుతాయి? లోపలే ఒక ప్రమేయం దగ్గర స్థిరపడాలి, లేదంటే అన్నీ కట్టగట్టుకుని అంచుకు పారిపోవాలి. మూడో దారి లేదని వదిన నమ్మింది. ఆమె ముఖ్య సిద్ధాంతం ఆ మాటమీదే నిలబడింది. గైడు కూడా సరేనన్నారు. థీసిస్ ఇచ్చే గడువు పొడిగించి పొడిగించి సోమవారం ఆఖరయింది. అది దాటితే రిజిస్ట్రేషన్ పోతుంది, ఇన్నేళ్ల కష్టమూ దాంతోపాటే పోతుంది. "ఇచ్చినాక పెట్టుకుందాం లేత్తా" అని వదిన బతిమాలినా మా అమ్మ ఆగలేదు. ఆదివారం సాయంత్రమే కూడిక పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం పెరట్లో కూర్చుని బిర్యానీకి ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, తరుగుతున్నాం. వదిన ఒక గడ్డను చక్రాలుగా కోస్తూ ఆగిపోయింది.

"ఈడ చూడప్పా. ఈ గడ్డ నడిమధ్యన ఒక్క చుక్క లేదనుకో. పైనుంచి కోసుకుంటా వస్తే ఏ చక్రానికీ ఆ చుక్క తగల్దు. అన్నీ లోపలే ఉండాయి. కానీ యాడికి పోతాండాయి? నడిమికి. ఆఖరి చక్రం ఆ లేని చుక్క మీదనే పడుతుంది. అది లోపల ఉండే చక్రం కాదు. అట్లని అన్నీ అంచుకు పారిపోయిందీ లేదు."

"అట్ల చుక్క తీసేసిన బంతి హైపర్‌బోలిక్ కాదేమో" అన్నాను ఆశగా.

"అవుతుంది. అదే గదా నా ఏడుపు."

వదిన పెరటికీ వీధి గుమ్మానికీ మధ్య తిరుగుతూ గైడుకు ఫోన్ చేసింది. అంత లోతుగా ఎవరూ చదవరు, ముందు ఇచ్చేయమ్మా, తర్వాత సరిచేసుకుందువు అన్నారట ఆయన. వదిన ఫోన్ పెట్టేసి మళ్లీ నడక మొదలుపెట్టింది. అవతల మా అన్న కట్టెల పొయ్యి దగ్గర బిర్యానీకి దమ్ము పెట్టించే హడావుడిలో ఉన్నాడు.

పాటలు అయిపోయాయి. అయ్యగారు సాక్ష్యం చెప్పమన్నారు. వదిన లేచింది.

"మీరంతా దేనికని వచ్చినారో ఆ పని తప్పయింది. మధ్యాహ్నమే తెలిసింది. రేపు ఇయ్యను. ఇంట్లోనే చెప్పుకుంటే తెల్లారేసరికి నా మనసు మారుతుంది. అందుకే మీ అందరి ముందర చెబుతాండా."

మా అన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఇప్పుడు ఏమని ప్రార్థన చేయాలో అయ్యగారికి తోచలేదు. అప్పుడు మా అమ్మ లేచింది. ఆమెకు హోలోమార్ఫిక్ అంటే ఏందో తెలియదు కానీ కూడిక అంటే తెలుసు.

"స్తోత్రం చెప్పేసినాం. చెప్పింది యెనక్కి తీసుకునేదానికి లేదు. ఇంగ నువ్వు నిదానంగా చేసుకో. అయ్యగారూ, ప్రార్థన చేయండి, అన్నం సల్లారిపోతాంది."

వచ్చినవాళ్లు చావింట్లో లాగా వదిన చెయ్యి పట్టుకుని పలకరించి, పెళ్లింట్లో లాగా తినిపోయారు.

రిజిస్ట్రేషన్ పోయింది. వెనక చేరినవాళ్లు డాక్టర్లయి ప్రమోషన్లు తీసుకున్నారు. అన్న చాన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. వదిన అదే ఆళ్లగడ్డ బస్సులో, అదే కుదురులేనితనంతో, ఈసారి అంతరాళంలో చుక్కంత వెలితి కూడా ఉండకూడదని షరతు పెట్టుకుని మొదటినుంచి మొదలుపెట్టింది. మళ్లీ రిజిస్టరు చేసి, రాసి, చివరికి వైవా అయ్యేనాటికి మా అమ్మ లేదు.

పట్టా వచ్చిన రోజు కూడిక పెడదామా వదినా అని అడిగాను. బ్యాగు భుజానికి తగిలించుకుని బస్సుకు బయల్దేరుతోంది.

"అది అప్పుడే అయిపాయ గదప్పా" అంది.

కాలం ఎవరికోసమూ ఆగదని పిల్లలకు చెబుతుంటాను గానీ, మా అమ్మ చెప్పిన ఆ ఒక్క స్తోత్రం మాత్రం వదిన వచ్చేదాకా అన్నేళ్లూ అక్కడే ఆగింది.