మా ఇంట్లో ఎవరూ నమ్మని పండుగ

ఆ రోజుల్లో మా వీధిలో గిన్నెలు ఏ ఇంట్లోనూ కుదురుగా ఉండేవి కావు. దసరాకు ఒక ఇంటి నుంచి, రంజానుకు ఇంకో ఇంటి నుంచి, క్రిస్మస్‌కు మరో ఇంటి నుంచి మూత పెట్టుకుని, పైన చేతిగుడ్డ కప్పుకుని గడపలు దాటి తిరుగుతూ ఉండేవి. ఇప్పుడు అందరిళ్లలోనూ ప్లాస్టిక్ డబ్బాలు, తిరిగివ్వకపోయినా అడిగేవాళ్లు లేరు. అప్పుడలా కాదు. గిన్నె మీద పేరు చెక్కి ఉండేది (చెక్కింది మా బాపే). అది తిరిగి వెళ్లి తీరాలి, అదీ ఖాళీగా వెళ్లకూడదు. ఖాళీగా పంపితే కీడు పంపినవాళ్లకా, పుచ్చుకున్నవాళ్లకా అన్నది నాకిప్పటికీ సరిగ్గా తెలియదు గానీ, మా జనగామలో అలా పంపిన మనిషిని మాత్రం నేను చూడలేదు.

మాది స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. ముందు గదులు దుకాణం, వెనక గదులు ఇల్లు. నేను మాటలకంటే ముందు బేరం నేర్చుకున్నానని అమ్మ అంటుంది. పాలు తాగించడానికి కూడా నాతో బేరమాడాల్సి వచ్చేదట. బాపుకు దేవుడి మీద నమ్మకం లేదు. ఇంట్లో పటం లేదు, దీపం లేదు, ఏ పండుగకూ దుకాణం మూసింది లేదు. అలాగని కుందులు, గంటలు, హారతి పళ్లేలు అమ్మడం మానలేదు. ధనత్రయోదశి నాడు మా దుకాణం ముందు కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఎవరైనా ఎత్తిపొడిస్తే, తూకం రాళ్ల మీద నుంచి తలెత్తకుండానే "నేనమ్మేది ఇత్తడి, భక్తి గాదు" అనేవాడు. ఆదివారం ఆదివారం బాపు దోస్తు సైన్సు సారు వచ్చి, బోర్లించిన గుండిగ మీద కూర్చుని, దేవుడు లేడని బాపుకు మళ్లీ మొదటి నుంచి రుజువు చేసేవాడు. ఒప్పుకున్న మనిషిని అంత కష్టపడి ఒప్పించడం నేను మరెక్కడా చూడలేదు.

అమ్మకు దేవుడు లేకపోయినా పెద్ద ఇబ్బంది లేదు. పండుగ లేకపోవడమే ఇబ్బంది. వీధి వీధంతా మాకు పంపుతుంది, తిరుగు గిన్నెలో మేం పంపడానికి మాత్రం ఏమీ ఉండదు. ఊరందరికీ గిన్నెలమ్మే ఇంట్లో గిన్నెలో పెట్టడానికి ఏమీ లేకపోవడం ఎంత చిన్నతనమో అమ్మ ముఖంలో చూడాలి. కడిగి, తుడిచి, అడుగున పిడికెడు చక్కెర పోసి నా చేతికిచ్చి "జల్ది ఇచ్చి రా, ఆడ నిలబడకు" అనేది. మామూలు రోజున చేసి పంపవచ్చు కదా అంటారా? ఒకసారి ఏ విశేషమూ లేని మంగళవారం నాడు భక్షాలు చేసి పంపింది. పొద్దు గుంకేలోపు నాకు సంబంధం కుదిరిందని సగం వీధి, నేను పెద్దమనిషినయ్యానని మిగతా సగం వీధి నమ్మేశాయి. ఇద్దరు ముత్తయిదువలు పసుపు గిన్నెలతో సహా దిగారు కూడా. అప్పటితో అమ్మ ఆ ప్రయత్నం మానుకుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, చలికాలం మొదట్లో, ఎదురింటి పెద్దమ్మ మా దగ్గర జల్లెడ బేరమాడుతూ మాటల మధ్యలో "మీ ఇంట్ల గిన్నెలు ఎక్కువ, తినుడు తక్కువ గదా చెల్లే" అంది. నవ్వుతూనే అంది. అమ్మ కూడా నవ్వింది. కానీ జల్లెడ కాగితంలో చుట్టేటప్పుడు దారం రెండుసార్లు తెంపేసింది. ఆ సాయంత్రమే నేను నిర్ణయించుకున్నాను, ఈ ఇంటికి ఒక పండుగ కావాలి. ఒక్కసారైనా అమ్మ నిండు గిన్నె పంపాలి.

బాపుతో బేరమంటే మాటలు కాదు. ఆ విద్య నాకు నేర్పిందే ఆయన. కావలసిన వస్తువును మొదట అడగకూడదు. పక్కదాన్ని అడిగి, అవతలివాడు కాదన్నాక ముఖం వేలాడేసుకుని, మెట్లు దిగుతూ దిగుతూ అసలుది అడగాలి. అందుకని నేను వచ్చే ఏటి దసరా అడిగాను. తల అడ్డంగా ఊపాడు. దీపావళి అడిగాను. ఊపాడు. బతుకమ్మంటే పూలే కదా, దానికేమన్నాను. "పూల నడుమ గౌరమ్మ ఎవరు మరి, మీ మేనత్తా?" అన్నాడు. నేను ముఖం వేలాడేసి, గడప దాకా వెళ్లి, వెనక్కి తిరిగాను.

"పోనీ క్రిస్మస్ చేద్దాం బాపూ. మన ఇంట్ల దాన్ని నమ్మెటోళ్లు ఒక్కలు లేరు గదా. నమ్మకం లేనప్పుడు తప్పేంది?"

బాపు చేతిలో ఉలి ఆగింది. ఏదో బిందె మీద సగం పేరు చెక్కి ఉంది. నా వైపు చాలాసేపు చూశాడు. నేను ఏ మెట్టు మీద నుంచి తిరిగానో, ఎందుకు తిరిగానో ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలుసు. కానీ ఆయన వ్యాపారి. చక్కగా ఆడిన బేరాన్ని కాదనడం దుకాణదారు మర్యాద కాదు.

"ప్రార్థన ఉండది" అన్నాడు.

"ఉండది. చుక్క కడదాం."

"చుక్కెందుకు?"

"ఖగోళశాస్త్రం బాపూ."

అలా కుదిరింది. ఒప్పుకునేదాకానే ఆయన నాస్తికుడు, ఒప్పుకున్నాక పనివాడైపోయాడు. రేకు కత్తిరించి చుక్క చేశాడు, ఉలితో చిల్లులు పొడిచాడు, లోపల బల్బు పెట్టాడు. వెలుగు గోడ మీద చుక్కలు చుక్కలుగా పడితే, ఎవరూ అడగకపోయినా అందులో సప్తర్షి మండలం ఏదో చూపించాడు. చెట్టు తేవడానికి ఒప్పుకోలేదు, పచ్చని కొమ్మ కొట్టడం ఆయనకు ఇష్టం లేదు. దానికి బదులు దుకాణం మధ్యలో గుండిగ బోర్లించి, దాని మీద తపేలాలు, తపేలాల మీద చెంబులు, చెంబుల మీద గ్లాసులు, అలా సన్నబడుతూ పైకి పేర్చుకుంటూ పోయాడు. చిట్టచివర, కొలత సరిపోయిందని, ఒక ఇత్తడి ఉగ్గుగిన్నె పెట్టాడు. చుక్క వెలిగిస్తే ఆ గిన్నెల చెట్టు తళతళలాడింది. ఇక అమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. క్రిస్మస్‌కు ఏం వండుతారో ఆమెకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. ఇన్నేళ్లుగా చేయాలనుకున్నవన్నీ ఒకేసారి చేసేసింది. సకినాలు, గారెలు, అరిసెలు, భక్షాలు. ఏసుక్రీస్తు పుట్టిన దగ్గరి నుంచీ ఆయన పండుగకు అన్ని సకినాలు ఎవరూ చుట్టి ఉండరు. అవన్నీ వీధిలో ఇంటికొకటి చొప్పున గిన్నెల్లో సర్ది, తెల్లారి పంపడానికి వరసగా పెట్టింది. అన్నిటికంటే ముందు డోర్నకల్ టీచరమ్మ డబ్బా.

టీచరమ్మది మా పక్కిల్లు. సొంతూరు డోర్నకల్, పని జనగామ బడిలో. ఏటా క్రిస్మస్ పొద్దున్నే ఆమె ఇంటి నుంచి మూత బిగుతుగా ఉండే ఒక స్టీలు డబ్బా వచ్చేది. అందులో అచ్చుతో నూనెలో వేయించిన గులాబీ పూలు, నల్లని కేకు. మూత తీస్తే లవంగాల వాసన దుకాణం దాకా వచ్చేది. ఏటా ఆ డబ్బాలో మేం పిడికెడు చక్కెరే పంపాం. ఆమెకు నిండు డబ్బా పంపడమే అమ్మకు అసలు పండుగ. డబ్బా వచ్చేదాకా ఆగకుండా, ఈసారి మన డబ్బాయే ముందు పోవాలని మా దుకాణంలోంచి కొత్తది తీయించింది.

చుక్క కట్టడం వరకే మేం ఆలోచించాం. చుక్క కట్టిన ఇంటికి పాటలవాళ్లు వస్తారని మాకు తెలియదు. పండుగ ముందురోజు సాయంత్రం, పొద్దింకా పూర్తిగా గుంకక ముందే, డోలకు మోగించుకుంటూ టీచరమ్మ చర్చి మనుషులు వీధిలోకి వచ్చారు. మా రేకు చుక్కను చూసి, సంతోషంగా, తిన్నగా మా దుకాణంలోకి నడిచారు. వాళ్ల వెనక, మా ఇంటికేమైందో చూద్దామని వీధి వచ్చింది. వీధి వెనక ఎదురింటి పెద్దమ్మ వచ్చింది (ఆమె నిజానికి ముందే వచ్చింది, మర్యాదకు వెనక నిలబడింది). వీళ్లందరి మధ్యలోంచి దారి చేసుకుంటూ, ఎవరు మోశారో కబురు, సైన్సు సారు వచ్చాడు. ఆ ముఖం చూస్తే బాపు చచ్చిపోయాడని విని వచ్చినట్టుంది.

"ఏందిది?" అన్నాడు చుక్కను చూపిస్తూ.

"ఖగోళశాస్త్రం" అన్నాడు బాపు.

సారు కాసేపు పరీక్షగా చూసి, "నక్షత్రానికి మొనలుండయి, గుండ్రంగుంటది" అని, గుండిగ కోసం వెతికాడు. అది చెట్టు కింద ఉంది. నిలబడే ఉండాల్సి వచ్చింది.

పాటలయ్యాయి. టీచరమ్మ గిన్నెల చెట్టు చుట్టూ తిరిగి చూసింది. పైన ఉగ్గుగిన్నె కనబడేసరికి ఆగింది. "బాలయేసుకు ఉగ్గుగిన్నె పెట్టినవా అన్నా? మా చర్చిల గూడ ఎవ్వలకు తట్టలే" అంది. బాపు నోరు తెరిచాడు, కొలత సంగతి చెప్పబోయి మూసుకున్నాడు. అప్పుడు పాస్టరయ్య ముందుకొచ్చి, ఈ ఇంటి కోసం ప్రార్థన చేసుకుందామా అని ఎంతో నెమ్మదిగా అడిగాడు. సైన్సు సారు బాపును చూస్తున్నాడు. వీధంతా చూస్తోంది. వెనక గది గుమ్మంలో సకినాల పళ్లెం పట్టుకుని అమ్మ చూస్తోంది. కాదంటే వచ్చినవాళ్లు చిన్నబోయి వెళ్లిపోతారు, వాళ్లతో పాటే అమ్మ పండుగా వెళ్లిపోతుంది. సరేనంటే బాపు మాట పోతుంది. ప్రార్థన ఉండదని నాతో బేరం కుదిర్చింది ఆయనే.

బాపు గ్లాసుల వైపు చూశాడు. "మీరు కండ్లు మూస్కొని మంచిగ చేస్కోండ్రయ్యా" అన్నాడు. "నేను మాత్రం మూయ. ఇంతమంది కదిలితే గిన్నెలు కూలుతయి. పట్టుకోని నిలబడుత."

అందరూ కళ్లు మూశారు. బాపు ఒక్కడే కళ్లు తెరిచి, గిన్నెల చెట్టును రెండు చేతులతో కౌగిలించుకుని నిలబడ్డాడు. ఒక్కడివల్ల కావట్లేదనుకున్నాడేమో, సైన్సు సారు గబగబా వెళ్లి అవతలి వైపు పట్టుకున్నాడు. (నేనూ మూయలేదు. మూస్తే ఇది చూసేదాన్నా?) ప్రార్థన కొంచెం పొడుగ్గానే సాగింది. "ఆమెన్" అన్నాక బాపు చెయ్యి వదలకుండానే, "ప్రార్థన నాకు రాదు గని, అన్నం పెట్టుడు మా ఇంటామెకొస్తది. ఎవ్వలు గడప దాటద్దు" అన్నాడు.

తర్వాత జరిగింది వివరించడం కష్టం. పళ్లెం ఖాళీ అయింది. దాని వెనక బుట్టలు ఖాళీ అయ్యాయి. జనం ఇంకా ఉన్నారు. అమ్మ ఒక్క క్షణం ఆగి, తెల్లారి కోసం వరసగా సర్దిన గిన్నెల మూతలు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. చివరికి టీచరమ్మకని ఉంచిన కొత్త డబ్బా కూడా తీసింది, అందులోని భక్షాలు డోలకు కొట్టిన అన్న చేతికిచ్చింది. సైన్సు సారు తిన్నన్ని సకినాలు పాస్టరయ్య కూడా తినలేదు. ఎదురింటి పెద్దమ్మ వెళుతూ వెళుతూ కొంగున నాలుగు అరిసెలు కట్టుకుని "చెల్లే, చెయ్యంటే నీదే" అంది. అమ్మ ముఖం ఆ రాత్రి మా ఇత్తడి సామానులో ఏ దానికీ తీసిపోలేదు.

తెల్లవారింది. టీచరమ్మ డబ్బా ఎప్పటిలాగే లవంగాల వాసనతో వచ్చింది. మా ఇంట్లో సకినం ముక్క లేదు. బియ్యప్పిండి లేదు, నువ్వులు లేవు, బెల్లం అడుగంటింది. అమ్మ డబ్బాను కడిగి, తుడిచి, కాసేపు చేతిలో పట్టుకుని, మళ్లీ చక్కెర సీసా అందుకుంది. జల్ది ఇచ్చి రా అనలేదు ఈసారి. అంత పండుగా చేసి, చివరికి ఎవరికోసం చేసిందో వాళ్లకు పాత పిడికెడే పంపుతున్నాం. నేను దారి పొడవునా (పక్కిల్లే గానీ ఆ రోజు దారి పొడుగైంది) సంజాయిషీ కూర్చుకున్నాను. రెండు రోజులు గడువివ్వండి, కొత్త సరుకు వస్తుంది, అన్న ధోరణిలో మొదలుపెట్టాను. టీచరమ్మ మూత తీసి చూసి నవ్వింది.

"అమ్మయ్య, చక్కెరే పంపింది" అంది. "ఎక్కడ సకినాలు పంపుతదో అని భయపడ్డ బిడ్డా. మీ అమ్మ చక్కెర నేను దాచిపెడ్త. వచ్చే ఏడు కేకుల మొదలు పడేది గదే. అది లేంది నాకు క్రిస్మస్ ఏడిది?"

నేను వ్యాపారి కూతుర్ని. జనగామ చీమల సంగతి నాకు తెలుసు. ఏడాది పాటు పిడికెడు చక్కెరను వదిలిపెట్టే చీమ మా వీధిలో పుట్టలేదు. ఆమె నా ముఖం చూసి మంచితనంతో అన్న మాట అది, అనుకున్నాను. కానీ కొన్ని ధరలు బేరమాడకుండా ఒప్పుకోవాలని కూడా ఆ రోజే అనిపించింది. ఇంటికొచ్చి అమ్మకు ఆ మాట మాటగా చెప్పాను. అమ్మ విననట్టే గిన్నెలు తోముకుంది. అయితే మరుసటేడు నుంచి ఆ డబ్బాలో పోసే చక్కెరను మాత్రం పళ్లెంలో పోసుకుని, కిటికీ వెలుగులో కూర్చుని, గడ్డలూ నలకలూ ఏరి పోసేది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒకే ఒక్క పండుగ ఉంది, అదీ ఎవరూ నమ్మనిది. నేను మానుకోటలో కొంతకాలం పనిచేసి, ఇప్పుడు భూపాలపల్లిలో ఉంటున్నాను. మా వాకిట్లో రేకు చుక్క వెలిగితే పక్కింటివాళ్లు "మీరు క్రిస్టియన్లా?" అని అడుగుతారు. కాదంటే, మరెవరని అడుగుతారు. "గిన్నెలోళ్లం" అంటుంది నా కూతురు. బాపు డిసెంబరులో బస్సెక్కి వచ్చి గ్లాసులు పేరుస్తాడు. చెయ్యి కొద్దిగా వణుకుతోంది గానీ ఉగ్గుగిన్నె మాత్రం ఎవరినీ పెట్టనివ్వడు. కొలత కోసమేనట, ఇప్పటికీ.

టీచరమ్మ ఉద్యోగం నుంచి రిటైరై డోర్నకల్ వెళ్లిపోయింది. కేకు చేసే ఓపిక ఆమెకు లేదు. అందుకని కిందటేడు నేనే చేశాను (మాడింది, మాడిన వైపు కింద పెట్టి సర్దాను, దుకాణం బుద్ధి ఎక్కడికి పోతుంది). కొంత బస్సులో, కొంత రైల్లో వెళ్లి, నా డబ్బాలో పెట్టి ఇచ్చి వచ్చాను. పది రోజులకు ఆమె మనవడు జనగామలో మా దుకాణంలో ఇచ్చిపోయాడని, బాపు ఆ డబ్బాను తెచ్చాడు. మూత బిగుతుగా ఉంది. తీస్తే అడుగున పిడికెడు చక్కెర. నేను నవ్వుకుని సీసాలో కలిపేయబోతూ, ఆ వాసనకు ఆగిపోయాను. చక్కెరలో వేళ్లు పెట్టి చూశాను. చీమలు పట్టకుండా, మధ్యలో రెండు లవంగాలు.