సగం సిగరెట్టు, నూట పన్నెండు రోజులు

వాదనలో ఓడిపోవడం కన్నా ఊపిరితిత్తులు పోగొట్టుకోవడమే మేలని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. కాలేజీ డిబేట్ టీమ్‌లో మూడేళ్లు గడిపి అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో ఉద్యోగానికి వచ్చిన కొత్త; వంకాయలు కొనాలన్నా అనుకూల వాదం, ప్రతికూల వాదం, ముగింపు ఉండవలసిందే. అటువంటి నేను సిగరెట్లు మాని వేపింగ్‌కు, అంటే ఈ-సిగరెట్టు ఆవిరి పీల్చడానికి, మారితే అది అలవాటు మార్పు ఎలా అవుతుంది? సిద్ధాంతం అవుతుంది. నాతో అపార్ట్‌మెంట్ పంచుకున్న వరంగల్ అన్నకు (నాకన్నా ఆరేళ్లు పెద్ద, మంచు కురుస్తున్నా బాల్కనీలో నిలబడి సిగరెట్టు పూర్తిచేసే ధీరుడు) మాత్రం అది మామిడిపండు వాసన వేసే పొగ, అంతే.

"ఏంది తమ్మీ, ఇంట్ల జ్యూస్ సెంటర్ పెట్టినవా?" అనేవాడు.

"పొగ కాదన్నా, ఆవిరి. ముందు నిర్వచనాలు సరిచేసుకుందాం."

"నీ నిర్వచనం కిటికీ బయట వదులు. బిర్యానీ అంత మామిడిపండు వాసనొస్తున్నది."

ఇంట్లో దక్కని గౌరవం నాకు ఆన్‌లైన్ ఫోరమ్‌లో దక్కేది. సిగరెట్లు వదిలి వేపింగ్ పట్టినవాళ్లంతా అక్కడ చేరి, ఏ పరికరం త్వరగా మాడిపోతుంది, ఏ రుచి గొంతుకు ఘాటు అని ఆప్యాయంగా కబుర్లాడుకునేవారు. ప్రతి సభ్యుడి పేరు కింద ఒక అంకె ఉండేది: ఆఖరి సిగరెట్టు కాల్చి ఎన్ని రోజులైందో. దాన్ని తనిఖీ చేసేవారు లేరు. ఎవరి అంకెకు వారి మనస్సాక్షే పూచీ. ఒహాయోలో లారీ నడిపే ఒక పెద్దాయన (లారీ తాత అని నేను పెట్టుకున్న పేరు) ఒకనాడు రాశాడు: "తమ్ముడి అంత్యక్రియల దగ్గర రెండు దమ్ములు పీల్చాను. నా రెండు వందల నాలుగు రోజులూ పోయినట్టేనా?" పోలేదు, అలాగే కొనసాగించమని అందరూ ఓదార్చారు. నేను ఆరు పేరాల వ్యాసం రాశాను. "మినహాయింపులున్న లెక్క లెక్క కాదు, కోరిక" అని దానికి ముగింపు. ఆ వాక్యం కింద పడిన చప్పట్ల బొమ్మలు చూసి రెండు రోజులు నా కాళ్లు నేలకు ఆనలేదు; లారీ తాత కథతో సహా అన్నకు కూడా చదివి వినిపించాను. ఓటింగ్ జరిగింది, ఒక్క దమ్ము పీల్చినా అంకె సున్నా అన్న నియమం నా పుణ్యమా అని నెగ్గింది. తాత అదే రోజు తన అంకెను సున్నా చేసుకున్నాడు. (తమ్ముడు పోయిన మనిషికి సంతాపం చెప్పాలని నాకు తోచనే లేదు. ఆరు పేరాల్లో దానికి చోటు మిగల్లేదు.)

ఆ తర్వాత నలభయ్యో రోజు, శనివారం మధ్యాహ్నం, నా వీసా ఎక్స్‌టెన్షన్‌కు మరిన్ని పత్రాలు కావాలన్నారని లాయర్ నుంచి మెయిల్ వచ్చింది. చేయి జేబులోకి వెళ్లింది. వేప్ బ్యాటరీ చచ్చి ఉంది, ఛార్జర్ ఆఫీస్‌లో ఉంది. బాల్కనీలో అన్న సిగరెట్ పెట్టె ఉంది. నేను తేరుకునేసరికి నా వేళ్ల మధ్య సగం సిగరెట్టు మిగిలింది. నా అంకె అప్పటికి నూట పన్నెండు; అది పోయిందని అప్పుడే బాల్కనీలోకి వచ్చిన అన్నతో మొత్తుకున్నాను.

"అయితే ఏమాయె? గాళ్లకెట్ల తెలుస్తది తమ్మీ?" అన్నాడు అన్న, పెట్టె లాక్కుంటూ.

తెలియదన్నదే నన్ను తినేసింది. అయినా శిక్షణ ఊరికే పోతుందా? అక్కడికక్కడే నా తరఫు వాదన మొదలుపెట్టాను. "చూడన్నా, సగం సిగరెట్టును సిగరెట్టు అనలేం. పైగా ఇది వీసా సంక్షోభం, అసాధారణ పరిస్థితి. మూడోది, ఉద్దేశపూర్వకంగా కాల్చలేదు..."

అన్న నా వాదన మొత్తం ఓపికగా విన్నాడు. డిబేట్‌లో నాకు ఎదురుపడ్డ ఏ జడ్జీ అంత శ్రద్ధగా వినలేదు. తర్వాత ఒకటే అడిగాడు: "గివన్నీ ఆ లారీ తాతకు ఎందుకు చెప్పలే?"

లాప్‌టాప్ తెరిచి అంకె సున్నా చేశాను. జరిగింది రాశాను, ఆరు పేరాలు కాదు, నాలుగు వాక్యాలు. నాలుగోది తాతకు, ఆయన తమ్ముడి గురించి, నలభై రోజులు ఆలస్యంగా.

పావుగంటలో తాత జవాబు వచ్చింది. "నా అంకె ఇవాళ నలభై. నేను సీనియర్ని, ఇకమీదట నాతో మర్యాదగా వాదించు బాబూ. తమ్ముణ్ణి తలచుకున్నందుకు థాంక్స్. ఇంకోమాట: ఎప్పుడూ రెండు ఛార్జర్లు దగ్గరుంచుకో, ఒకటి కారులో."

అన్న దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. "గా తాతను మనింటికి బిర్యానీకి పిలువు రా" అన్నాడు.

వీసా వచ్చింది. కొన్నాళ్లకు వేపింగ్ కూడా పోయింది, ఏ వాదనా లేకుండా, దానంతటదే. ఇప్పుడు నాకు అంకె లేదు. కానీ నా కారులో అదనపు ఛార్జర్ ఒకటి ఇప్పటికీ ఉంది. దానితో ఇక ఏం ఛార్జ్ చేయాలో నాకే తెలియదు. తీసేద్దామని ఎప్పుడైనా చేతిలోకి తీసుకుంటే, ఆరు పేరాలు రాసిన ఆ కుర్రాడు గుర్తొచ్చి, నవ్వుకుని, మళ్లీ అక్కడే పెట్టేస్తాను.