ఈగ రెక్కలో పోగు

పొద్దున ఫోను తనంతట తానే ఒక పాత ఫొటో తీసి ముందు పెట్టింది. కొత్తిమీర పూగుత్తి మీద బియ్యపుగింజంత పురుగు, ఒంటి నిండా పసుపూ నలుపూ పట్టీలు. చూడగానే నవ్వొచ్చింది. దాన్ని తేనెటీగ అని నలుగురిలో చెప్పి తప్పులో కాలేసింది నేను, నిజం పట్టుకున్నది మా బావ.

బొగ్గు గని ఆఫీసులో ఉద్యోగం అయిపోయాక నస్పూర్‌లోనే ఉండిపోయాను. ఫోనుకు తగిలించే చిన్న భూతద్దం కొనుక్కుని, పెరటి మడుల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఈగలకు ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. అన్నం మీద వాలే ఈగలు కావు, పూల మీదా ఆకుల మీదా బతికేవి. ఒకదానికి రాగిరంగు కళ్లు, ఇంకొకదానికి దారమంత నడుము. కాళ్లు పట్టేసి లేవలేకపోతే మా ఆవిడ చెయ్యందించి, నాలుగు మాటలని మరీ లేపేది. తీసిన ఫొటోలు పురుగుల పిచ్చి ఉన్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే, ఇచ్చోడ వైపు పనిచేసే జువాలజీ మేడమ్ ఒకావిడ ఓపికగా పేర్లు చెప్పేది.

ఆ ఫొటో తీసిన ఏడు చలికాలంలో మా అక్క భర్త, అంటే మా బావ, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని మా ఇంటికి వచ్చాడు. వాళ్ల ఇంటికీ మరమగ్గాల షెడ్డుకూ మధ్య ఒకటే గోడ. నూలు దుమ్ము కంట్లో పడుతుందని అక్కే పంపింది. మరమగ్గాన్ని మా వైపు సాంచె అంటారు. ఆరు సాంచెల మధ్య తిరుగుతూ, వెంట్రుకంత పోగు తెగినా కంటితోనే పట్టేసేవాడాయన. పట్టకపోతే గజాల కొద్దీ బట్ట పాడు. చూపు బాగుందని డాక్టరు చెప్పినా ఈయన నమ్మలేదు. నల్లద్దాలు తీయకుండా కుర్చీలో కూర్చుని, "నా కన్ను ఇగ సాంచెకు పనికిరాదు బామ్మర్దీ. పోగు దొరకని కన్ను ఉంటేంది, లేకుంటేంది" అనేవాడు. కంచం ముందు నుంచి సగంలోనే లేచేవాడు. నాకు భయమేసింది. ధైర్యం ఎలా చెప్పాలో తెలియక ఈగల దగ్గరికి పారిపోయేవాణ్ణి.

ఆ రోజుల్లోనే కొత్తిమీర మీది పురుగును నేను తేనెటీగ అని గ్రూపులో పెట్టగానే మేడమ్ రాసింది: "రెక్క దగ్గరగా చూపించండి సార్." పెద్దగా చూద్దామని ఫొటోను టీవీకెక్కించాను. రెక్క మూరెడు పొడవున కనిపించింది. మా ఆవిడ బావతో అంది: "చూసిన్రా అన్నా, పనిలేనోళ్లు ఈగలు తోలుకుంటరంటరు. గీయన టీవీల పెట్టుకొని చూస్తుండు."

బావ నవ్వలేదు. అద్దాలు తీసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"గీ పోగేంది బామ్మర్దీ? ఇటు ముడి లేదు, అటు ముడి లేదు. నడుమ ఊకెనే పడి ఉన్నది."

నాకేమీ కనిపించలేదు. ఆయన లేచి వేలు పెట్టి చూపించాక తెలిసింది. రెక్కలోని ఈనెలన్నీ ఒకదానితో ఒకటి కలిసి గళ్లు కట్టిన చోట, దేనితోనూ కలవని సన్నటి గీత ఒకటి. భూతద్దం మీద గీత పడిందేమోలే బావా, అన్నాను.

"అద్దం మీదిదైతే గా రెండో రెక్కకెందుకుంటది? దానికి సుత ఉన్నది, సూడు జర."

ఆ ముక్క కత్తిరించి పంపాను. అది తేనెటీగ వేషం కట్టిన పూల ఈగ అనీ, గాలిలో ఒకేచోట నిలబడి ఎగురుతుందనీ, ఆ కలవని ఈనె దాని కుటుంబానికంతటికీ గుర్తనీ మేడమ్ జవాబిచ్చింది. "ఎవరు చూశారు సార్?" అని కూడా అడిగింది. మా బావ, సాంచెలు నడుపుతాడు అని గర్వంగా రాశాను. చదివి వినిపిస్తే ఆయన మంచి కన్ను అరచేత్తో మూసుకుని, ఆపరేషన్ చేసిన కంటితో టీవీ వైపు చూసి, సరిగ్గా ఆ గీత మీదే వేలు పెట్టాడు.

"పొద్దుగాల బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

డాక్టరు చెప్పిన గడువుకు ఇంకా ఎనిమిది రోజులుందని మా ఆవిడ కదలనివ్వలేదు. ఆ ఎనిమిది రోజులూ ఆయన నా పక్కనే మడుల మధ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. మా ఆవిడకు లేపాల్సినవాళ్లు ఇద్దరయ్యారు.

ఆ తర్వాత ఆయన సాంచెల దగ్గరికి వెళ్లిపోయాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆ కొద్ది రోజులు నా బతుకులో ముందు సంగతులతోనూ కలవవు, తర్వాతి వాటితోనూ కలవవు. అయినా గడిచిన కాలమంతా పరిచి ఇందులో నీదేదో గుర్తుపట్టమంటే, ముందుగా నా వేలు పడేది ఆ ముడిలేని పోగు మీదే.