పీనుగ చేతులు

గద్వాల నేతగేరిలో నాగప్ప పెద్దకొడుకు భీమన్న పట్నంలో డాక్టరీ చదువుతున్నాడని తెలిసినప్పుడు గేరి గేరంతా మురిసిపోయింది. ఆ మురిపెం ఎంతసేపు? ఆ చదువులో పీనుగలను కోస్తారని ఎవడో చెప్పేదాకా. అప్పటినుంచి నాగప్ప ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగేవాడే లేకపోయాడు. యుద్ధం రోజులు, నూలు సరిగ్గా దొరకడం లేదు, మగ్గాలు సగం ఖాళీగా ఉన్నాయి. చేతికి పని లేనివాళ్ళకు నోటికైనా పని కావాలి కదా, భీమన్న దొరికాడు.

భీమన్న కూడా తక్కువవాడేం కాదు. మహా మొండి. ఎవడైనా ఒక మాటంటే నాలుగు రోజులు మూతి బిగించుకుని తిరిగే రకం. పాలమూరులో ఉర్దూ బడి చదివి, తండ్రితో పోట్లాడి, తమ్ముడితో పోట్లాడి పట్నం పోయాడు. తమ్ముడు వెంకటన్న కోపానికి కారణం ఉంది. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకు పట్టు. ఆ రెండూ కలిసేచోట కుట్టు కుదరాలంటే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. చిన్నప్పటినుంచీ ఆ ఇద్దరూ అన్నదమ్ములే. జతవాడు లేచిపోతే మిగిలినవాడు ఏం నేస్తాడు? "నువ్వు దొరవైతవు, నేను కూలికి పోత" అన్నాడు వెంకటన్న ఆ రోజు. మళ్ళీ అన్నతో మాట్లాడలేదు.

పట్నం కాలేజీలో చదువంతా ఉర్దూలోనే. కండను 'అజలా' అనాలి. ఒంట్లో ఉన్న ప్రతి అజలాకూ నోరు తిరగని అరబ్బీ పేరొకటి. పొడుగాటి హాలు, వరసగా రాతి బల్లలు, కళ్ళు మండించే మందు వాసన. బల్లల మీద దవాఖానలో పోయి, అడిగే దిక్కులేక మిగిలిపోయినవాళ్ళు. భీమన్న బల్ల మీద బక్కపలచటి ముసలివాడు ఉండేవాడు. మొదటిరోజు అతన్ని చూసి భీమన్న బయటికి పరుగెత్తి గోడ పక్కన వాంతి చేసుకున్నాడు.

బల్లకు ఇద్దరు. భీమన్నకు జతగా వచ్చినవాడు కురుమూర్తి, వనపర్తి వైపు ఒక పట్వారీ కొడుకు. నేతవాడి పక్కన నిలబడాల్సి వచ్చినందుకే అతనికి ఒళ్ళు మంట. కత్తి ముట్టేవాడు కాదు, ముక్కుకు అత్తరు గుడ్డ అడ్డం పెట్టుకుని పుస్తకం చదివేవాడు. "కోయి భీమన్నా, చీరెనే అనుకో" అని ఇకిలించేవాడు. భీమన్న పళ్ళు నూరుకుంటూ కోసేవాడు.

ఒకరోజు ముంజేయి వంతు వచ్చింది. చర్మం ఒలిచి, కండకు కండను విడదీసి, ఏది ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుందో చూపించాలి. ముంజేతి కండల కొసన తెల్లటి దారాల్లాంటివి ఉంటాయి. అవి పోయి వేళ్ళ ఎముకలను పట్టుకుంటాయి. ఆ దారాన్ని లాగితే పోయినవాడి వేలు కూడా ముడుచుకుంటుంది. భీమన్నకు అది చూస్తే ఒళ్ళు జలదరించేది, అయినా మళ్ళీ లాగి చూసేవాడు.

ప్రొఫెసరు సాహెబు పక్క బల్ల దాకా వచ్చాడు. కంగారులో భీమన్న కత్తి జారింది. అన్నింట్లోకీ సన్నటి దారం పుటుక్కున తెగింది.

తెగిన పోగు కంటపడితే నేతవాడి చేయి మనసును అడగదు. బొటనవేలు, చూపుడువేలు నాలుకకు తాకించి, ఆ తడితో రెండు కొసలనూ పట్టి పురి తిప్పుతుంది. ఊహ తెలిసినప్పటినుంచీ చేస్తున్న పనే అది. భీమన్న అదే చేశాడు. మందు నాలుకను భగ్గున కాల్చాక గానీ ఏం చేశాడో అతనికే తెలియలేదు.

"యా అల్లా! యే క్యా కర్ రహే హో?" అని సాహెబు కేకేశాడు. హాలంతా తిరిగి చూసింది. "పీనుగను నాకిండురో!" అన్నాడు కురుమూర్తి, పుస్తకం బల్ల మీద పడేసి.

మా ఇళ్ళల్లో పోగు తెగితే ఇట్లాగే అతికిస్తాం అని ఒక్క మాట చెప్తే అక్కడికక్కడ తీరిపోయేది. చెప్పలేదు మహానుభావుడు. సాలోడి బుద్ధి పోలేదని నవ్వుతారేమోనని రోషం. మూతి బిగించుకుని నిలబడ్డాడు. ఆ బిగించుకున్న మూతే అతని కొంప ముంచింది.

ఆ నెలలోనే కురుమూర్తి తన అక్క పెళ్ళి చీరలకని గద్వాల వచ్చాడు. చీరలు బేరమాడుతూ, తీరుబడిగా, ఈ సంగతి చెప్పాడు. నాకాడన్నది నేతగేరి చివరికి చేరేసరికి తిన్నాడయింది. జొన్నరొట్టెలో పెట్టుకుని తిన్నాడట అన్న మహాతల్లి కూడా ఉంది! నాగప్ప తమ్ముడు బక్కయ్య కులంవాళ్ళను కూడేసి, "వాడు మా ఇంట్ల పుట్టలే అనుకుంటం" అని అందరి ముందూ అనేశాడు. నాగప్ప తల వంచుకుని విన్నాడు. వారం తిరక్కుండానే మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. నోరు పడిపోయింది, ఎడమ పక్క పడిపోయింది.

కబురందుకుని భీమన్న రైలు దిగి వచ్చేసరికి ఎండలు మండిపోతున్నాయి. గడపలో తల్లి జోగమ్మ అడ్డం నిలబడింది.

"ఆడ్నే ఉండు. లోపల మగ్గం ఉన్నది, మైల పడ్తది."

"నాయినను చూసి పోత అమ్మా."

"చూసింది చాలు. నీ చదువే ఆయనను గిట్ల చేసింది."

భీమన్న అరుగు మీద కూలబడ్డాడు. తల్లి చెంబుతో నీళ్ళు తెచ్చి దూరంగా పెట్టి పోయింది. కిటికీలోంచి తండ్రి కాళ్ళు మాత్రం కనిపించేవి. నాగప్ప మనసులో ఏముందో ఎవరికీ తెలియదు. నోరు లేనివాడి తరఫున మాట్లాడేందుకు మాత్రం ఇంటినిండా మనుషులున్నారు.

భీమన్నకు కావలసింది ఒక్కటే. వాళ్ళవి మెడలో లింగం కట్టుకునే ఇళ్ళు. పోయినవాళ్ళను కాల్చరు, కూర్చోబెట్టి సమాధి చేస్తారు. ప్రాణం పోగానే పెద్దకొడుకు తండ్రిని లేవనెత్తి, బాసింపట్టు వేయించి, గోడకు ఆనించి కూర్చోబెట్టాలి. ఎడమ అరచేతిలో లింగం పెట్టాలి. సమాధిలో మొదటి పిడికెడు మన్ను అతనే వేయాలి. ఆ పని తన చేత్తో చేసి పోవాలని భీమన్న పట్టుదల. కులం వద్దంటే వద్దననీ, ఊరు ఉమ్మితే ఉమ్మనీ, తండ్రి మాత్రం తనకు తండ్రే.

మర్నాడు పొద్దెక్కుతుండగా లోపల జోగమ్మ గొల్లుమంది. భీమన్న ఒక్క ఉదుటున గడప దాకా వచ్చాడు. బక్కయ్య రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"పీనుగలు కోసిన చేతులతోటి మా అన్నను ముడ్తవారా? సిగ్గు శరం ఉన్నదా?"

"మీ అన్న అయితే నాకు నాయిన గాదా? జరుగు చిన్నాయనా!"

"వెంకటన్న చేస్తడు. నువ్వు జరుగు."

అక్కడే పేచీ వచ్చింది. పెద్దకొడుకు బతికుండగా చిన్నకొడుకు ముట్టడం అరిష్టమన్నారు కొందరు. పెద్దవాణ్ణి కులంలోంచి తీసేశాం కదా అన్నారు ఇంకొందరు. తీసేశామని కులపెద్ద నోటితో అనలేదే అన్నాడొక ముసలాయన. కులపెద్ద ఉండేది అమరచింతలో, కృష్ణకు అవతలి గట్టున. మనిషిని పంపారు. మనిషి పోవాలి, పుట్టి దొరకాలి, ఏరు దాటాలి, పెద్దమనిషి భోజనం చేసి బయల్దేరాలి. పోయినవాణ్ణి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి ఇంతమందీ వాకిట్లో తగువులాడుతూ కూర్చున్నారు. అరుగు మీదినుంచి భీమన్న రెండుసార్లు అరిచాడు. "ఎవరన్న ఒకరు కూర్చోబెట్టుండ్రి, కండ్లు పోయినయా మీకు? మనిషి బిగుసుకపోతడు!" పీనుగల సంగతి నీకు బాగా తెల్సులే అని బక్కయ్య ఎకసెక్కాలాడాడు.

కులపెద్ద దిగేసరికి పొద్దు వాలింది. వచ్చీ రాగానే చిన్నకొడుకే చేస్తాడని తేల్చేశాడు, దానికి ఇంత సేపు. వెంకటన్న లోపలికి పోయి తండ్రి భుజాల కింద చేతులు పెట్టి లేపాడు. నాగప్ప దూలంలా ఒక్క బద్దగా లేచాడు. నడుం వంగలేదు, మోకాలు వంగలేదు. ఎడమచేయి పిడికిలి బిగుసుకుని ఉంది. వెంకటన్న భయపడి వదిలేశాడు.

వెల్లకిలా పడుకున్నవాణ్ణి సమాధిలో ఎట్లా దింపుతారు? కులంలో ఎన్నడూ లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి బక్కయ్యే అన్నాడు, "రోకలి తెండ్రి. మోకాళ్ళకాడ ఇరగ్గొడితే కూసుంటడు."

వెంకటన్న గోడకు తల కొట్టుకున్నాడు. అప్పుడు జోగమ్మ లేచింది. జుట్టు విరబోసుకుని గడప దాకా వచ్చి, కొడుకు మొహంలోకి చూడకుండా, గుంపుతో అంది. "ఆ బాడుకావుని చేతులు పీనుగ చేతులే గదా. పీనుగ పని వానితోనే చేయించుండ్రి. రోకలి పట్టుకొని ఎవడన్న నా మొగని దగ్గరికొస్తే వాని నెత్తి పగలగొడ్త."

కులపెద్ద గొంతు సవరించుకున్నాడు. వద్దనలేదు.

భీమన్న గడప దాటాడు. వేన్నీళ్ళు అడిగాడు, పాత గుడ్డలు అడిగాడు. తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తొడల మీద వేడి గుడ్డ వేసి, రెండు అరచేతులతో కండను పిసుకుతూ, కొంచెం కొంచెంగా వంచడం మొదలుపెట్టాడు. ఏ కండ తుంటి దగ్గర పుట్టి మోకాలిని దాటుతుందో, దేన్ని ముందు వదులు చేస్తే ఏది వస్తుందో చేతులకు తెలుసు. అరబ్బీ పేర్లు ఒక్కటీ గుర్తు రాలేదు. రాతి బల్ల మీది ముసలివాడు మాత్రం గుర్తొచ్చాడు. నీకు నేను దండం కూడా పెట్టలేదయ్యా అనుకున్నాడు, ఏడుపు ఆగలేదు. చెమట, కన్నీళ్ళు కలిసి తండ్రి కాళ్ళ మీద పడుతున్నా తుడవలేదు.

కుడి మోకాలు వంగింది. ఎడమది వంగింది. నడుం లొంగింది. నాగప్ప గోడకానుకుని, మగ్గం ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆ తర్వాత పిడికిలి. మణికట్టును లోపలికి వంచి, ముంజేతిని నిమురుతూ, వేలు తర్వాత వేలు తెరిచాడు. ఎక్కడా పుటుక్కుమనలేదు.

తండ్రి మెడలోంచి లింగాన్ని తీసి అరచేతిలో పెట్టబోతుంటే దాని దారం తెగింది. పాత దారం, చీకిపోయింది. భీమన్న వేళ్ళు నాలుకకు పోయాయి. తడి వేళ్ళతో రెండు కొసలనూ పట్టి పురి తిప్పి అతికించాడు, లింగాన్ని తండ్రి చేతిలో పెట్టి, తలెత్తాడు.

అక్కడున్న మగవాళ్ళంతా నేతవాళ్ళే. పొద్దున లేస్తే వేళ్ళు నోట్లో పెట్టుకోకుండా వాళ్ళకు గడవదు. పట్నంలో ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిపోయింది. బక్కయ్య తన వేళ్ళు పంచెకు తుడుచుకున్నాడు. వెంకటన్న నేలను చూస్తున్నాడు.

తప్పయిందని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. "అయింది గదా, ఇంగ బయటికి జరుగు. మన్ను వెంకటన్న ఏస్తడు" అన్నాడు కులపెద్ద.

భీమన్న బయటికి జరిగాడు. సమాధి దాకా దూరంగా నడిచి వచ్చాడు. నాగప్పను గుంటలో దించారు. వెంకటన్న పిడికెడు మన్ను తీసుకుని నిలబడ్డాడు, చేయి ముందుకు రాలేదు. భీమన్న మనుషులను తోసుకుంటూ వచ్చి, వంగి, మన్ను తీసుకున్నాడు.

"ఆగురా!" అన్నాడు బక్కయ్య. గొంతులో మునుపటి బలం లేదు.

"ఏం ఆగాలె? పట్నంల నేను చేసింది గిదే. తెగింది, అతికిచ్చిన. మీరు దినాం చేసేదే. పట్వారీ కొడుకు కూసిండు, మీరు నమ్మిండ్రు. మా నాయిన గూడ నమ్మి పోయిండు. ఇప్పుడు కండ్లార చూసిండ్రు గదా? నోర్లు పడిపోయినయా?"

భీమన్న మొదటి పిడికెడు మన్ను తండ్రి ఒడిలో వేశాడు.

"ఇంగ పోయి తానాలు చేయుండ్రి. పీనుగను మోసినోళ్ళు, ముట్టినోళ్ళు మీరు గూడ" అని వెనక్కి తిరిగాడు.

బావి దగ్గర వెంకటన్న అతని వెనకాలే వచ్చాడు. నీళ్ళు చేది, చెంబు నింపి, అన్న వైపు చాపాడు. ఆ ఇంటివాళ్ళు ఎన్నాళ్ళకో అతని చేతికి అందేలా చాచిన చెంబు అది. భీమన్న దోసిలి పట్టలేదు. చేద తనే లాగి, నెత్తిమీద పోసుకుని, తడిబట్టలతోనే స్టేషను తోవ పట్టాడు. వెంకటన్న నిండు చెంబుతో అక్కడే నిలబడి ఉన్నాడు.