అంజనంలో నల్లకోటు

ఎనభైల్లో నేను బోధన్‌లో బడిపంతులుగా ఉండేవాణ్ని. ఫ్యాక్టరీలో చెరకు ఆడడం ఆగిపోయి జనం ఖాళీగా ఉన్న ఒక ఎండాకాలం, మా వాలీబాల్ క్లబ్బువాళ్లు టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి కామెడీ సినిమా వేశారు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పును ఒకడు ఎత్తుకుపోయే కథ. నల్లకోటు తొడుక్కున్న ఆ దొంగ ఎడమకాలు కుంటుతూ పోయి, కప్పును పాల క్యానులో దాస్తాడు. అందరం కడుపుబ్బ నవ్వాం.

వారం తిరగకముందే, నవీపేట్ జట్టును ఓడించి మావాళ్లు గెలుచుకున్న కప్పు క్లబ్బు అల్మారాలోంచి మాయమైంది. తాళంచెవి ఉండేది వాచ్‌మన్ దగ్గర. పైగా అతను కుంటుతాడు. ఇంకేం కావాలి? నిన్నటిదాకా "అన్నా" అని పిలిచినవాళ్లు అతను ఎదురైతే మాట ఆపేశారు. వాళ్ల కాపురం క్లబ్బు వెనక గదిలోనే; అక్కడే అతని భార్య బీడీలు చుట్టేది. ఆమె ఆకుల చాట కింద కూడా చేతులు పెట్టి వెతికారు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడమూ నేరమే అయింది.

"ఎంత పక్కా దాసిండో సూడు!"

అంజనం వేయిద్దామన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు. అందులో పేరు బయటపడితే వాచ్‌మన్‌కు ఉద్యోగమూ పోతుంది, ఆ గదీ పోతుంది. నేను అడ్డం పడ్డాను. అతను దొంగ కాదని నాకు తెలియదు. దొంగ అని వాళ్లకూ తెలియదు. ఎవరికీ తెలియనిది తమలపాకు మీది కాటుకకు ఎలా తెలుస్తుందని అడిగాను. వింటేగా!

అంజనం వేసినాయన ఆ సినిమాకు ముందు వరుసలో కూర్చున్నవాడే. ఆకు మీద కాటుక పూసి అందులోకి చూశాడు.

"కనవడుతుండు... కుంటుకుంట పోతుండు. పాల క్యాన్ల ఏసిండు."

"ఏ కాలు?" అన్నాను.

"ఎడమకాలు."

వాచ్‌మన్‌కు అవిటిది కుడికాలు. ఆ మాటే అన్నాను.

"అద్దంల లెక్క సార్. అంజనంల ఉల్టా కనవడ్తది."

జనం తలలూపారు. నాకు ఒళ్లు మండింది.

"ఏం తొడుక్కున్నడు?"

"నల్లకోటు."

మే నెల ఎండలో, బోధన్‌లో! వాచ్‌మన్ భార్య చాట పక్కన పెట్టి లేచింది.

"మా ఆయనకు పెండ్లికి గూడ కోటు కుట్టియ్యలే. నువ్వేమన్న కొనిచ్చినవా కాకా? ఇంటర్వెల్ అయినంక కత గూడ చెప్పు!"

ఒకటే నవ్వులు. ప్రెసిడెంటూ నవ్వాడు. నవ్విన నోటితో వాచ్‌మన్‌ను పొమ్మనలేకపోయాడు. కప్పు మాత్రం దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ మా ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేశాడు. దండం పెట్టడానికేమో, వద్దనాలి అనుకున్నాను.

"సార్, ఊకెనే గింత ఎవ్వలు కొట్లాడరు. నేను ఎవ్వలకు చెప్ప. కప్పు మీరే తీసిండ్రా?"

"లేదు" అన్నాను.

"సరె సార్" అన్నాడు. పోతూ పోతూ, గుమ్మం పక్కన బోర్లించి ఉన్న మా పాల క్యానును ఎత్తి చూశాడు.