కరువు జొన్నల ఉండలు

తొలి కాన్పుకని జహీరాబాద్‌లోని తల్లిగారింటికి వచ్చిన భాగీరథికి నోరూరింది ఒక్కదానికే: చిన్నప్పుడు తిన్న ఎర్రజొన్న పేలాల ఉండలు. మిర్చి భజ్జీలు వద్దంది, కోవా వద్దంది. తల్లి నీలమ్మ మాత్రం పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఇంకా పేలాలు ఎవరు వేయిస్తారని ఒకసారి, ఎర్రజొన్నలు దొరకడం లేదని ఒకసారి సాకులు చెప్పింది. ఆవిడ సాకులు చెప్పడమే వింత. కడుపుతో ఉన్నది అడిగింది పెట్టకపోతే పుట్టే బిడ్డకు చెవి కారుతుందని వాడకట్టంతా చెప్పి తిరిగే మనిషాయె.

భాగీరథి కూడా తక్కువది కాదు. ముఖం ముడుచుకుని అన్నం ముట్టకుండా కూర్చుంది.

డెబ్భై రెండు కరువులో ఆమెకు ఐదేళ్లు. రోడ్డు పనిలో కంకర కొట్టినవాళ్లకు కూలి కింద ఎర్రజొన్నలు ఇచ్చేవారు. వాటితో రొట్టె చేస్తే పెనం మీదే విరిగిపోయేది. పెద్దవాళ్లు తిట్టుకుంటూ తిన్నారు. ఆమెకు మాత్రం అంత మంచి ఏడాది మళ్లీ రాలేదు. తల్లి ఆ జొన్నలనే పేలాలు వేయించి బెల్లం పాకంలో ఉండలు కట్టేది. వాడకట్టులో ఇంకెవరింట్లోనూ లేని తిండి. వానలు పడ్డాక నీలమ్మ వాటి జోలికే పోలేదు.

చివరికి చెవి భయమే గెలిచింది. నీలమ్మ ఎక్కడినుంచో జొన్నలు తెచ్చి, ఉండలు కట్టి, కూతురి ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. భాగీరథి ఒకటి కొరికింది.

“గీ ఉండలు నీకెవరు నేర్పిన్రమ్మా?”

“ఎవ్వరు నేర్పలే.” నీలమ్మ గొంతులో ఏడుపూ లేదు, కోపమూ లేదు. “నీ ఎనక తమ్ముడు పుట్టిండు. నాకు తిండి లేక పాలు రాలే. తొట్లెల ఏసేనాడు పంచనీకి జర బెల్లం దాసిన. గా దినం రాకముందే పోయిండు. మీ నాయిన బొంద పెట్టి వచ్చేసరికి, ఆకలైతుందని నీది ఒకటే ఏడుపు. ఇంట్ల గా జొన్నలు, గా బెల్లమే ఉండె. ఉండలు కట్టిన.”

భాగీరథికి తమ్ముడు గుర్తులేడు. గుర్తు తెచ్చుకోవాలని చూసింది. పాకం వాసన తప్ప ఏమీ రాలేదు. ఏడుపు రావాలి కదా అనుకుంది. అదీ రాలేదు.

“నువ్వు ఏడ్వలేదా అమ్మా?”

“నువ్వు నవ్వుకుంట తింటుంటివి బిడ్డా. నిన్నే సూస్కుంట కూసున్న. మర్నాడు గూడ అడిగినవ్. మళ్ల చేసిన.”

కొరికిన ముక్క నోట్లోనే ఉంది. ఉమ్మడానికి మనసొప్పలేదు, మింగుడు పడలేదు. ఎదురుగా తల్లి చూస్తూనే ఉంది. భాగీరథి నమిలింది. ఎలాగో నవ్వు ముఖం పెట్టి, ఇంకొకటి అందుకుంది.